మసక బొమ్మ ఎందుకు వస్తుంది?

మీ ఇంట్లో అటక మీద, పాత పుస్తకాల పక్కన, ఒక ప్లాస్టిక్కు పెట్టె ఉన్నదేమో చూడండి. దానికి రెండు తీగలూ, వాటి చివర మీటలున్న రెండు పలకలూ ఉంటాయి. పైన క్యాసెట్టు దూర్చే గాడి ఉంటుంది. అది 1990 తరవాత మన ఊళ్ళకు వచ్చిన వీడియోగేము. మీ నాన్నగారో, మేనమామో చిన్నప్పుడు వేసవి సెలవుల్లో దాని ముందు కూర్చుని మారియోను గెంతించి ఉంటారు, ట్యాంకులను పేల్చి ఉంటారు.

ఇప్పుడు దాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, గోడనున్న కొత్త టీవీకి కలిపితే ఏమవుతుంది? కొన్ని ఇళ్ళలో బొమ్మే రాదు. మరి కొన్ని ఇళ్ళలో వస్తుంది గాని, మసకగా, రంగులు ఒకదాని మీదికి ఒకటి కారినట్టు కనిపిస్తుంది. “ఇది పాడైంది. పాత సామాన్లవాడికి వేసెయ్యండి,” అంటారు పెద్దవాళ్ళు.

తొందరపడకండి! ఆ పెట్టె చాలాసార్లు పాడై ఉండదు. లోపల బొమ్మ బాగానే తయారవుతుంది. మీ కంటికి చేరే దారిలో అది చెడుతున్నది. ఎక్కడ చెడుతున్నదో తెలిస్తే బాగుచెయ్యవచ్చు.

ఈ పెట్టెల పుట్టుక జపానులో. నింటెండో అనే సంస్థ 1983 జూలై 15న ‘ఫామికామ్’ అనే ఆటపెట్టెను అమ్మకానికి పెట్టింది. మన దేశంలో చాలా ఇళ్ళకు చేరినవి దానికి నకళ్ళు. ఆ పెట్టెలో బొమ్మలు గీసే పని ఒక చిప్పుది. అది తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువునా 240 గీతలు పరుస్తుంది. హెచ్చవేసి చూడండి, 61,440 చుక్కలు వస్తాయి. ప్రతి చుక్కకూ ఒక రంగు. ఆ రంగులన్నీ టీవీ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల నుంచే పుడతాయి. అంటే చిప్పు టీవీకి పంపవలసిన సరుకులు ముఖ్యంగా మూడు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెబుతాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – ఈ మూడూ 2016 దాకా వరంగల్లు జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు దేని జిల్లా దానిదే. జనగామ మార్కెట్టుకు పత్తి వస్తుంది. మహబూబాబాద్ మార్కెట్టుకు మిర్చి వస్తుంది. భూపాలపల్లిలో సింగరేణివారు బొగ్గు తవ్వుతారు. ఈ మూడు సరుకులనూ మూడు లారీలలో వరంగల్లుకు పంపితే ఏ చిక్కూ లేదు. కాని ఉన్నది ఒకే లారీ అనుకోండి. బస్తాలు కట్టకుండా, మధ్య అడ్డు పెట్టకుండా, మూడిటినీ అందులోనే పోసి పంపితే? వరంగల్లులో ఎంత నేర్పుగల కూలీలు ఏరినా పత్తికి ఎర్రని పొడీ, నల్లని మసీ అంటుకునే ఉంటాయి. మిర్చిలో బొగ్గు తునకలు కనిపిస్తాయి. కలిపేది ఒక్క నిమిషం, విడదీసేది జన్మంతా!

ఆటపెట్టె నుంచి వచ్చే పసుపు రంగు వీడియో తీగ అలాంటి లారీయే. దాన్ని కాంపోజిట్ అంటారు, అంటే అన్నీ కలిపినది. మూడు రంగుల సమాచారాన్నీ కలిపి ఒకే తీగ మీద ఎక్కిస్తారు. టీవీ తిరిగి విడదియ్యాలి. అది పూర్తిగా విడదియ్యలేదు గనక ఎర్రని బొమ్మల అంచులు పక్కకు కారతాయి. సన్నని నిలువు గీతలు పక్కపక్కన వస్తే, టీవీ వాటినే రంగు అని పొరబడి, ఇంద్రధనుస్సు ముక్కలను చూపిస్తుంది. ఇటుకగోడ అంచుల మీద చీమలు పాకినట్టు కనిపించేదీ ఇదే.

మరి మొదట ఎందుకు కలిపారు? దానికీ కారణమున్నది. అమెరికాలో 1953లో రంగుల టీవీ పద్ధతిని ఆమోదించే నాటికి ఇళ్ళ నిండా నలుపుతెలుపు టీవీలున్నాయి. వాటిని పారెయ్యకుండా, అదే ప్రసారం రెండు రకాల టీవీలలోనూ కనిపించాలి. అందుచేత నలుపుతెలుపు బొమ్మను మోసే తరంగంలోనే రంగును కూడా ఇమిడ్చారు. తరవాత జర్మనీలో పాల్ అనే పద్ధతి వచ్చింది. 1982లో మన దూరదర్శన్ రంగుల ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు అదే పద్ధతి తీసుకున్నది. అందులో రంగును మోసే అల సెకనుకు దాదాపు 44 లక్షల 33 వేల సార్లు ఊగుతుంది. పాతవాటిని కాపాడటానికి చేసిన ఏర్పాటే మన మసకకు మూలం అన్నమాట.

పాత ఆటపెట్టెలలో ఇంకొక చిక్కున్నది. అప్పటి చాలా టీవీలకు యాంటెనా రంధ్రం తప్ప వేరే దారి లేదు. అందుకని పెట్టె లోపల ఒక చిన్న రేకు డబ్బా అమర్చారు. అది కలిపిన బొమ్మనూ, పాట ధ్వనినీ తీసుకుని, టీవీ స్టేషను పంపే రేడియో తరంగంలాంటి దాని మీద ఎక్కిస్తుంది. సరుకులు కలిసిపోయిన లారీని మళ్ళీ గోదావరి పంటు మీదికి ఎక్కించి, అవతలి గట్టున దించినట్టే! ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ కొంత చెడుతుంది. తెర మీద చినుకుల్లాంటి చుక్కలు వచ్చేది అందుకే.

ఇక బాగుచేసే పనికి వద్దాం. రూపం మార్చే ముందు రోగం కుదర్చాలి. చూడవలసినవి మూడు.

మొదటిది అడాప్టరు. దాని మీద ఎన్ని వోల్టులో, మొన లోపలి వైపు ప్లస్సో మైనస్సో రాసి ఉంటుంది. పెట్టె మీద రాసిన దానితో అది సరిపోవాలి. తలకిందులు అడాప్టరు పెడితే లోపలి భాగాలు కాలిపోవచ్చు. చిప్పులకు కావలసింది 5 వోల్టులే. 9 వోల్టులు వస్తే మిగిలిన 4 వోల్టులను రెగ్యులేటరు అనే మూడు కాళ్ళ భాగం వేడిగా మార్చేస్తుంది. పెట్టె అర ఆంపియరు కరెంటు తీసుకుంటే ఆ వేడి 2 వాట్లు. పెట్టె వెచ్చబడటానికి అదే కారణం.

రెండవది క్యాసెట్టు అడుగున ఉండే రాగి పట్టీలు. జపాను రకం క్యాసెట్టుకు 60, అమెరికా రకానికి 72 ఉంటాయి. ఆట రాకపోతే మీ నాన్నగారు క్యాసెట్టులోకి ఉఫ్ అని ఊది ఉంటారు. ఊపిరిలో తడి ఉంటుంది. ఆ తడికి పట్టీలు చిలుము పడతాయి. నిజానికి పని చేసింది ఊదటం కాదు, తీసి మళ్ళీ పెట్టటం! ఐసోప్రొపైల్ ఆల్కహాలులో దూది ముంచి, పెద్దవాళ్ళ ఎదుట మెల్లగా తుడవండి. ఆరిన తరవాతే పెట్టండి.

మూడవది కెపాసిటరు. చూడటానికి చిన్న డోలులా ఉంటుంది. అది కరెంటులోని ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. దాని లోపలి ద్రవం ఏళ్ళ తరబడి ఎండిపోతుంది. అప్పుడు ఇంటి కరెంటులోని అలలు తెర మీద అడ్డపట్టీలై పైకీ కిందికీ పాకుతాయి. రిపేరు చేసేవారు అదే కొలతగల కొత్తది వేస్తారు. దాని వోల్టుల హద్దు పాతదాని కంటె తక్కువ ఉండరాదు. ఒక వైపు గీత ఉన్న కాలు మైనస్సు. అది తప్పు వైపు పడకూడదు.

రోగం కుదిరాక బొమ్మను మెరుగుపరచవచ్చు. అందులో రెండు మెట్లున్నాయి.

మొదటి మెట్టు పంటు ప్రయాణం మానిపించటం. రేకు డబ్బాలోకి వెళ్ళే తీగలలో ఒకటి బొమ్మనూ, మరొకటి ధ్వనినీ తెస్తాయి. వాటిని డబ్బాకు ముందే పట్టుకుని, పెట్టె వెనక కొత్తగా అమర్చిన పసుపు, తెలుపు సాకెట్లకు కలపాలి. అయితే చిప్పు నుంచి వచ్చే బొమ్మ సంకేతానికి పొడుగాటి తీగను నడిపే సత్తువ ఉండదు. అందుకని మధ్యలో ఒక ట్రాన్సిస్టరూ, రెండు మూడు రెసిస్టర్లూ, ఒక కెపాసిటరూ పెడతారు. ఖర్చు స్వల్పం. చినుకులు మాయమవుతాయి. బొమ్మ నిలకడగా ఉంటుంది.

రెండవ మెట్టు ఒకే లారీ బదులు మూడు లారీలు తేవటం. ఇది కష్టం. ఎందుచేతనంటే అసలు ఫామికామ్‌లో రంగులు కలిసేది చిప్పు కడుపులోనే. దాని 40 కాళ్ళలో 21వ కాలి నుంచి వచ్చేది అప్పటికే కలిసిన సరుకు! నింటెండోవారే ఆటల దుకాణాలకు చేసిన ప్లేచాయిస్-10 అనే యంత్రంలో మూడు రంగులనూ వేరువేరుగా ఇచ్చే చిప్పు ఉండేది. కొందరు ఔత్సాహికులు దాన్ని ఊడదీసి తమ పెట్టెలో వేసుకున్నారు. ఒకటి బాగుపడటానికి మరొకటి పాడయ్యేది. తరవాత ఆస్ట్రేలియాలో టిమ్ వర్తింగ్టన్ అనే ఆయన వేరే ఉపాయం చేశాడు. చిప్పు ప్రతి చుక్కకూ 64 గళ్ళ పట్టికలోంచి ఒక రంగు నంబరు ఎంచుకుంటుంది. ఆయన చేసిన చిన్న పలక కలిసిన సరుకు జోలికే పోదు. కలవక ముందే ఆ నంబరు తెలుసుకుని, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను తానే కొత్తగా తయారుచేసి మూడు తీగల మీద పంపుతుంది. విడదీయలేని దాన్ని విడదీయటం కంటె కలవక ముందే అందుకోవటం తెలివి కదా!

కాని ఒక మాట. మన దగ్గరి నకలు పెట్టెలలో చాలావాటిని విప్పితే కాళ్ళున్న చిప్పులు కనపడవు, నల్లని లక్క బొట్టులాంటిది ఒకటి కనిపిస్తుంది. అన్ని చిప్పుల పనీ ఆ బొట్టు కిందనే. అలాంటివాటికి మొదటి మెట్టే చాలు.

బొమ్మ బయటికి చక్కగా వచ్చినా కొత్త టీవీకి ఇంకొక సందేహం. దాని తెర మీద 240 కంటె చాలా ఎక్కువ గీతలుంటాయి. 240 గీతల బొమ్మను కొన్ని టీవీలు తప్పుగా అర్థం చేసుకుని అలుకుతాయి. మధ్యలో స్కాన్ కన్వర్టరు అనే పరికరం పెడితే అది ఒక్కొక్క గీతను మూడుసార్లు గీసి 720 గీతలు చేస్తుంది. అప్పుడు చుక్కలు ముగ్గు గళ్ళలా స్పష్టంగా కనిపిస్తాయి. ఇంతా చేసినా బాతులను కొట్టే తుపాకి మాత్రం పేలదు. అది పాత గాజు టీవీ వెలుగు తళుక్కుమనే క్షణాన్ని పట్టుకునేది. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది.

జాగ్రత్తలు మరవకండి. మీ అంతట మీరు ఏ పెట్టే విప్పవద్దు. పాత గాజు టీవీని అసలే విప్పవద్దు. ప్లగ్గు తీసినా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. టంకం వేసే పని పెద్దవాళ్ళది. పాత టంకంలో సీసం ఉంటుంది గనక ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. పెట్టెను చెత్తకుప్పలో వేస్తే ఆ సీసమే నేలలోకి దిగుతుంది. బాగుచేసి వాడుకోవటం మంచిదనటానికి ఇదొక కారణం.

మీ ఊళ్ళో టీవీలూ, సెల్‌ఫోన్లూ బాగుచేసే దుకాణానికి నాన్నగారితో వెళ్ళండి. “అన్నా, బొమ్మ రావటం లేదు,” అని ఊరుకోకండి. “అన్నా, ఈ రేకు డబ్బాకు ముందే వీడియో తీసి వెనక సాకెట్టు పెట్టవచ్చునా?” అని అడగండి. ఆయన ఒకసారి మీ వంక చూసి, స్క్రూడ్రైవరు అందుకుంటాడు. పెట్టె విప్పిన తరవాత పక్కన నిలబడి చూడండి, ఆ డబ్బా ఎక్కడున్నదో మీరే కనిపెట్టగలరు.