రాతిలో తేనె

వాద్యసహాయం లేకుండా కేవలం కంఠంతోనే గానం చేసే పద్ధతిని పాశ్చాత్యులు 'ఆకపెల్లా' అంటారు. ఇటలీ భాషలో ఆ మాటకు 'ప్రార్థనామందిరపు రీతిలో' అని అర్థం. అమెరికాలోని నల్లజాతివారికి ఈ పద్ధతి సంగీతశాస్త్రం వల్ల కాక చరిత్ర వల్ల సంక్రమించింది. 1739లో దక్షిణ కెరొలైనాలోని స్టోనో నదీతీరాన బానిసలు డప్పులు మోగిస్తూ తిరుగుబాటు చేశారు. మరుసటి సంవత్సరమే అక్కడి పాలకులు బానిసలు డప్పులు, కొమ్ములు వాడరాదని చట్టం చేశారు. డప్పు పోయినా లయ పోలేదు. చప్పట్లు, పాదఘట్టనలు, కంఠాలే వాద్యాలయ్యాయి. ఒకరు ఎత్తుకోగా మిగిలినవారు వంత పాడే ఆఫ్రికా సంప్రదాయం పొలాలలోను, ప్రార్థనాలయాలలోను నిలిచింది.

ఆ సంప్రదాయంలో పెరిగినవారు బెర్నిస్ జాన్సన్ రేగన్. 1942లో జార్జియా రాష్ట్రంలో ఒక మతబోధకుని ఇంట జన్మించారు. బాల్యంలో ఆమె వెళ్ళిన చర్చిలో పియానో సైతం లేదు. 1961లో ఆల్బనీ పట్టణంలో వర్ణవివక్షపై ఉద్యమం చెలరేగింది. అప్పటికామె కళాశాల విద్యార్థిని. ఒక ఊరేగింపు ముగిసి అందరూ చర్చిలో చేరినప్పుడు ఆమెను పాడమన్నారు. నోటికి వచ్చినది పాత ప్రార్థనాగీతమే. కాని 'కష్టం' అనే పదం రావలసిన చోట ఆమె 'స్వేచ్ఛ' అని పాడారు. మారినది ఒక్క పదమే అయినా, ప్రార్థనాగీతం ఉద్యమగీతమైంది. ఆమె జైలుకు వెళ్ళారు. కళాశాల ఆమెను బహిష్కరించింది. మరుసటి ఏడు నలుగురు సభ్యుల 'ఫ్రీడమ్ సింగర్స్' బృందంలో చేరి, దేశమంతటా పాడి ఉద్యమానికి నిధులు సేకరించారు.

1973లో వాషింగ్టన్ నగరంలో రేగన్ 'స్వీట్ హనీ ఇన్ ది రాక్' అనే స్త్రీల బృందాన్ని స్థాపించారు. 'రాతిలో తీయని తేనె' అని ఆ పేరుకు అర్థం. రాతిని పగులగొడితే తేనె స్రవించేటంత సుభిక్షమైన దేశాన్ని వర్ణించే పాత పాట నుండి దానిని గ్రహించారు. కాఠిన్యాన్ని, మాధుర్యాన్ని కలిపి చెప్పిన ఈ పేరు నల్లజాతి స్త్రీకి ఎంతగానో తగినది.

నాలుగు గొంతులతో మొదలైన ఈ బృందంలో కాలక్రమాన ఇరవై మందికి పైగా స్త్రీలు పాడారు. ప్రార్థనాగీతాలు, బ్లూస్, ఆఫ్రికా పాటలు, ఉద్యమగీతాలు వారి సంపద. 1979లో చేరిన ఇసాయె బార్న్‌వెల్ కంఠం మంద్రస్థాయిలో పలికేది. ఆ ఆధారంపై తక్కిన గొంతులు అల్లుకొనేవి. సెనెగల్ కవి బిరాగో డియోప్ రచనకు ఆమె స్వరం కట్టగా, పౌరహక్కుల నాయకురాలు ఎల్లా బేకర్‌ను స్మరిస్తూ రేగన్ ఒక పాట రచించారు.

రేగన్ గాయని మాత్రమే కారు. 1975లో హోవార్డ్ విశ్వవిద్యాలయం నుండి చరిత్రలో డాక్టరేట్ పొంది, స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేశారు. గ్రంథాలకెక్కని ప్రజల చరిత్రకు పాటయే శాసనమన్నది ఆమె పరిశోధనకు మూలం. 2004లో బృందం నుండి విరమించి, 2024లో కన్నుమూశారు. ఆమె తప్పుకున్నాక కూడా బృందం పాడుతూనే వచ్చింది.

ఈ బృందపు మరొక విశేషం చెప్పుకోదగినది. 1980 నుండి షర్లీ చిల్‌డ్రెస్ గాయనుల సరసనే వేదికపై ఉండి, ప్రతి పాటను బధిరుల కోసం సంజ్ఞాభాషలో వినిపించారు. ఆమెను బృందం సహాయకురాలిగా కాక, సభ్యురాలిగానే లెక్కించింది.