మ్యాజిక్: ది గ్యాదరింగ్ విస్తరణ సెట్లు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ 1993లో అమెరికాలో వెలువడిన కార్డుల ఆట. గణితశాస్త్రంలో డాక్టరేటు పొందిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ దీనిని రూపొందించగా, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ప్రచురించినది. కార్డులను సేకరించి, వాటితోనే ఆడే ఆధునిక ఆటలకు ఇది ఆద్యము. ఈ ఆటకు ఎప్పటికప్పుడు చేర్చే కొత్త కార్డుల సముదాయాలను విస్తరణ సెట్లు అంటారు. ఆట ముప్పై ఏళ్ళకు పైగా నిలిచి ఉండడానికి ఈ సెట్లే ముఖ్య కారణం. ఆటలోని వివాదాలు అనేకం కూడా వీటి నుండే పుట్టినవి.

ఆట స్వరూపం

పేకాటలో 52 ముక్కలు అందరికీ ఒక్కటే. ఈ ఆటలో మాత్రం ప్రతి ఆటగాడు తన కట్టను తానే కూర్చుకుంటాడు. సాధారణంగా కట్టలో కనీసం 60 కార్డులు ఉండాలి. మూల భూమి కార్డులు తప్ప, ఒకే పేరు గల కార్డులు నాలుగుకు మించరాదు. భూమి కార్డుల నుండి 'మానా' అనే శక్తిని పొంది, దానితో మంత్రాలు ప్రయోగించి, ప్రాణులను రప్పించి, ప్రత్యర్థికి ఉన్న 20 ప్రాణ బిందువులను సున్నాకు తీసుకురావడం ఆట లక్ష్యం. ప్రతి కార్డు పైన దాని ప్రభావం రాసి ఉంటుంది. అందువలన ఒక కొత్త కార్డు చేరినదంటే ఆటకు ఒక కొత్త నియమం చేరినట్లే.

తొలి సెట్లు

1993 ఆగస్టులో వచ్చిన మొదటి ముద్రణ 'ఆల్ఫా'లో 295 రకాల కార్డులు ఉన్నవి. మొదటి విస్తరణ సెట్టు 'అరేబియన్ నైట్స్' అదే సంవత్సరం డిసెంబరులో వెలువడినది. వేయిన్నొక్క రాత్రుల కథలు దీనికి ఆధారం. ఈ సెట్టు కార్డుల వెనుక వైపు వేరే రంగులో ముద్రించాలని మొదట అనుకున్నారు. అలా చేసి ఉంటే బోర్లించిన కట్టలో ఏది కొత్త కార్డో చూడగానే తెలిసిపోయేది. పాత, కొత్త కార్డులను కలిపి ఆడడం కష్టమయ్యేది. ముద్రణకు కొద్ది కాలం ముందు ఆ ఆలోచన మానుకొని, పాత కార్డుల వెనుక వైపునే దీనికీ ఉంచారు. ఈ నిర్ణయం వలన నాటి కార్డును నేటి కార్డుతో ఒకే కట్టలో కలపడం సాధ్యమయినది.

పునర్ముద్రణ వివాదం

1995లో 'క్రానికల్స్' అనే సెట్టులో కొన్ని పాత కార్డులను తిరిగి ముద్రించారు. కొత్తవారికి ఇది మేలు చేసినది గానీ, వాటిని ఎక్కువ ధరకు కొన్న సేకరణకర్తలు నష్టపోయారు. దానితో 1996లో సంస్థ, కొన్ని కార్డులను మరల ముద్రించబోమని ఒక జాబితా ప్రకటించినది. ఆ జాబితాలోని 'బ్లాక్ లోటస్' ప్రతులకు లక్షల డాలర్ల ధర పలికినది. 2022లో 30వ వార్షికోత్సవ ముద్రణలో ఇది మరల కనిపించినది. నాలుగు ప్యాకెట్ల వెల 999 డాలర్లు. అయితే ఆ కార్డుల వెనుక వైపు వేరు. టోర్నమెంటులలో అవి చెల్లవు.

పాత సెట్ల విరమణ

కార్డులు పెరిగిన కొద్దీ, పాతవి దొరకని కొత్త ఆటగాడు వెనుకబడిపోతాడు. దీనికి పరిష్కారంగా 1995లో, ఇటీవలి సెట్లతో మాత్రమే ఆడే పద్ధతిని ప్రవేశపెట్టారు. దీనికే తరువాత 'స్టాండర్డ్' అని పేరు వచ్చినది. అందులో పాత సెట్లు క్రమంగా తప్పుకుంటాయి. దీని వలన కొత్తవారికి అవకాశం కలిగినా, డబ్బు పెట్టి కొన్న కార్డు కొన్నేళ్ళకు అక్కడ పనికిరాకుండా పోతుంది. పాత కార్డులతో ఆడదలచిన వారికి 'వింటేజ్', 'లెగసీ', 2011 నుండి 'మోడర్న్' అనే పద్ధతులు ఉన్నవి. బలం మితిమీరిన కార్డులను నిషేధించడమూ ఉన్నది. 'మిరడిన్' (2003) కార్డులు కొన్నింటిని 2005లో స్టాండర్డ్ నుండి తొలగించారు.

కొన్ని ముఖ్యమైన సెట్లు

* మిరాజ్ (1996): ఒకే కథాలోకంలో మూడు సెట్లు వరుసగా వచ్చే పద్ధతికి ఆరంభం. ఈ వరుసను తరువాత రెండుకు కుదించి, 2018లో 'డొమినారియా'తో విడిచిపెట్టారు.
* ఎగ్జోడస్ (1998): సెట్టు గుర్తు రంగును బట్టి కార్డు ఎంత అరుదైనదో తెలుస్తుంది. నలుపు సాధారణం, వెండి రంగు కొంత అరుదు, బంగారు రంగు అరుదు.
* ఇన్నిస్ట్రాడ్ (2011): రెండు వైపులా బొమ్మ గల కార్డులు ఇందులో వచ్చినవి. వెనుక వైపు కనబడకుండా వీటిని రంగు తొడుగులలో ఉంచి ఆడతారు.
* లార్డ్ ఆఫ్ ది రింగ్స్ (2023): ఒకే ఒక్క ప్రతిగా ముద్రించిన ఉంగరం కార్డును గాయకుడు పోస్ట్ మలోన్ 20 లక్షల డాలర్లకు కొన్నాడు.
* ఫైనల్ ఫాంటసీ (2025): ఇతర సంస్థల కథల ఆధారంగా వచ్చి, స్టాండర్డ్‌లో చెల్లిన మొదటి సెట్టు. పరాయి కథలు ఆట స్వభావాన్ని మారుస్తున్నవని పాత ఆటగాళ్ళు కొందరు ఆక్షేపించారు.

భారతీయ నేపథ్యం

2016లో వచ్చిన 'కలదేశ్' సెట్టులోని కథాలోకం భారతీయ వాస్తు, వస్త్రధారణల స్ఫూర్తితో చిత్రించబడినది. 2025 నాటి 'ఈథర్‌డ్రిఫ్ట్' సెట్టులో ఈ లోకం పేరును 'అవిష్కార్'గా మార్చారు. 1994 నాటి 'లెజెండ్స్' సెట్టులోని 'ప్రదేశ్ జిప్సీస్' అనే కార్డును, జాతి వివక్షను సూచించేవిగా భావించిన మరి ఆరు కార్డులతో పాటు, 2020లో టోర్నమెంటుల నుండి నిషేధించారు.

ఇవి కూడా చూడండి

* పేకాట
* అరేబియన్ నైట్స్
* చదరంగం