కుక్కలకు కాలానుగుణ అలర్జీ: ఇంటి వైద్యంలో ఏది మేలు, ఏది చేటు?

వసంతంలో చెట్లు పూతకు వచ్చినప్పుడు, వానలు వెనుదిరిగే వేళ గడ్డి కంకులు వేసినప్పుడు కొన్ని పెంపుడు కుక్కల ప్రవర్తనలో మార్పు కనిపిస్తుంది. అవి రాత్రంతా పాదాలు నాకుతాయి, చెవులు గోక్కుంటాయి, ముఖాన్ని నేలకేసి రుద్దుతాయి. ఏటా అవే నెలల్లో ఇది పునరావృతమవుతుంది. 'వేడి చేసింది' అనుకుని పెరుగన్నం పెట్టేవారు కొందరు, పసుపు, వేపనూనె, కొబ్బరినూనె పట్టించేవారు మరికొందరు. అంగళ్లలో 'సహజసిద్ధం' అన్న చీటీతో అమ్ముడయ్యే సీసాలు వీటికి తోడు. వీటిలో కొన్ని నిజంగా ఉపశమనమిస్తాయి, కొన్ని ఖర్చు తప్ప మరేమీ మిగల్చవు, ఒకటి రెండు ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చడానికి ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలా వరకు సరిపోతుంది. కుక్క ఒంటిపై పూసినదేదైనా చివరికి దాని కడుపులోకే చేరుతుంది.

పుప్పొడి పడని మనిషికి తుమ్ములు వస్తాయి, కళ్లు మండుతాయి. కుక్కలో అదే ప్రతిస్పందన ప్రధానంగా చర్మంపై బయటపడుతుంది. దీనిని పశువైద్య పరిభాషలో అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. చర్మపు పైపొర బలహీనంగా ఉన్న కుక్కల్లో పుప్పొడి, బూజు, ధూళిలోని సూక్ష్మకీటకాల రేణువులు ఆ పొరను దాటి లోపలికి చొరబడతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా భావించి పోరాటానికి దిగుతుంది. ఫలితమే దురద. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య ఇది మొదలవుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పగ్ వంటి జాతుల్లో ఎక్కువగా కనిపించినా, మిగిలిన కుక్కలకు రాదని కాదు. లేత రంగు కుక్కల పాదాలపై తుప్పు రంగు మరకలు కనిపిస్తే, అవి అదేపనిగా నాకడం వల్ల లాలాజలం అంటించిన రంగు.

మన దేశంలో ఈ పుప్పొడికి కొదవ లేదు. ఢిల్లీలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరులో మరోసారి గాలిలో పుప్పొడి ఉధృతమవుతుంది. వినాయకుడికి ప్రీతిపాత్రమైన గరిక, రహదారుల వెంట పెరిగే సర్కారు తుమ్మ రెండూ అలర్జీ కారకాలుగా పేరుబడినవే. ఖాళీ స్థలాల్లో తెల్లని పూలతో విరగబూసే వయ్యారిభామ సంగతి చెప్పనక్కరలేదు. 1950ల మధ్యకాలంలో దేశంలో కనిపించిన ఈ కలుపు మొక్కకు అంత అందమైన పేరు ఎలా దక్కిందో గానీ, మనుషుల చర్మానికి, పశువుల చర్మానికి అది పెట్టే బాధ మాత్రం అందమైనది కాదు.

కడగడమే తొలి చికిత్స

చర్మం ద్వారా ప్రవేశించేదాన్ని చర్మంపైనే అడ్డుకోవాలి. అందుకే ఇంటి వైద్యంలో అన్నిటికన్నా నమ్మదగినది స్నానమే. కుక్కల అటోపిక్ డెర్మటైటిస్ చికిత్సపై నిపుణులు 2010లో రూపొందించి, 2015లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మృదువైన షాంపూతో వారానికి ఒకసారైనా స్నానం చేయించాలని సూచించాయి. నీరు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా కాదు. నురగను ఐదు నుంచి పది నిమిషాలు ఒంటిపై ఉంచి పూర్తిగా కడగాలి. మనుషుల సబ్బు పనికిరాదు. మన చర్మం ఆమ్లగుణం కలది, కుక్క చర్మం దాదాపు తటస్థం. మనకు సరిపడే సబ్బు దాని చర్మాన్ని మరింత పొడిబారుస్తుంది.

స్నానాల మధ్య రోజుల్లో షికారు నుంచి రాగానే పాదాలు, పొట్ట, చంకలు తడిగుడ్డతో తుడవాలి. తరువాత వేళ్ల సందుల్లో తడి లేకుండా ఆరబెట్టడం మరింత ముఖ్యం. తేమ నిలిచిన చోట ఈస్ట్ అనే శిలీంధ్రం పెరిగి, దురదకు దుర్వాసన తోడవుతుంది. కుక్క పడుకునే దుప్పటిని వారానికోసారి వేడినీటిలో ఉతకాలి. ఏమీ కలపని ఓట్స్‌ను మెత్తని పొడి చేసి, గోరువెచ్చని నీటిలో కలిపి పది నిమిషాలు ఒంటిపై పోస్తూ ఉంటే దురద తగ్గుతుంది. అయితే ఆ ఉపశమనం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు.

లోపలికి ఇచ్చే వాటిలో కొంత ఆధారం ఉన్నది చేప నూనెకే. అందులోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు చర్మపు పొరను బలపరుస్తాయి, కానీ ఫలితం కనిపించడానికి రెండు నెలలైనా పడుతుంది. వారం వాడి లాభం లేదని మానేస్తే డబ్బు వృథా. మోతాదు కుక్క బరువును బట్టి వైద్యుడు నిర్ణయించాలి. చేప కాలేయపు నూనె వేరు. దాన్ని ఎక్కువగా ఇస్తే అందులోని ఎ, డి విటమిన్లు హాని చేస్తాయి. శాకాహార కుటుంబాల్లో వాడే అవిసె నూనెలోనూ ఒమేగా-3 ఉన్నప్పటికీ, కుక్క శరీరం దాన్ని అవసరమైన రూపంలోకి మార్చుకోగలిగేది స్వల్పమే.

నాకితే ఏమవుతుంది?

కొబ్బరినూనె పలుచగా రాస్తే పొడిబారిన చర్మం మెత్తబడుతుంది. కానీ ఈస్ట్‌కు కొవ్వంటే ఇష్టం. వానాకాలంలో చెవుల్లో, చర్మపు మడతల్లో నూనె పట్టిస్తే శిలీంధ్రానికి మేత వేసినట్లే. పసుపు ముద్దతో మరో చిక్కుంది. ఎర్రబడిన చర్మం ఆ రంగు కింద దాగిపోయి, వైద్యుడికి అసలు లక్షణం కనిపించదు. చిక్కని వేపనూనెను నాకిన కుక్కకు చొంగ కారడం, వాంతులు కావడం జరగవచ్చు. కలబంద గుజ్జు చల్లదనమిస్తుంది గానీ, ఆకు తొక్క కింద ఉండే పసుపు పాలు విరేచనాలు కలిగిస్తాయి. యాపిల్ సిడర్ వెనిగర్‌ను పుండుపై పోస్తే మంటే మిగులుతుంది.

టీ ట్రీ నూనె విషయంలో మాత్రం మినహాయింపు లేదు. గాఢమైన ఈ నూనె వల్ల కుక్కలు, పిల్లులు విషప్రభావానికి గురైన 443 ఉదంతాలను అమెరికా పరిశోధకులు విశ్లేషించి 2014లో ప్రచురించారు. చొంగ కారడం, తూలడం, వణుకు, కాళ్లలో పట్టు తప్పడం వాటిలో కనిపించిన లక్షణాలు. కర్పూరం కలిపిన నూనెలూ దూరంగా ఉంచదగినవే. గజ్జి పట్టిన వీధికుక్కలపై కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయడం దేశంలో ఇప్పటికీ కనిపించే అలవాటు. అది వైద్యం కాదు, చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు విషమయ్యే హింస. పురుగులు పోతాయని వెల్లుల్లి, ఉల్లి పెట్టడం మరో పొరపాటు. అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇక పెరుగన్నం మాట. పెరుగు చలువ చేస్తుందన్న నమ్మకం మనది, కుక్క చర్మానికి ఆ లెక్క తెలియదు. పైగా కుక్కలకు ఆహారపు అలర్జీ కలిగించే పదార్థాల్లో పశుమాంసం, కోడిమాంసం, గోధుమలతో పాటు పాల ఉత్పత్తులు కూడా ముందు వరుసలో ఉన్నాయి.

దురద ఎక్కడ, ఏ నెలలో?

దురదలన్నీ పుప్పొడి వల్లనే రావు. నడుము కింద, తోక మొదట్లో ఎక్కువగా కొరుక్కుంటుంటే ఫ్లీ అనే దూకే పురుగుల కాటును అనుమానించాలి. రెండు మూడు కాట్లే కొన్ని కుక్కలకు తీవ్రమైన దురద తెప్పిస్తాయి. ఏడాది పొడవునా దురద ఉంటే ఆహారాన్నీ పరిశీలించాలి. ఇంట్లోవారికీ దురద మొదలైతే అది గజ్జి కావచ్చు. దురద మొదలైన తేదీని ఏటా క్యాలెండర్‌పై రాసి ఉంచితే, ఆ కాగితం వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది.

పుండ్లు, చీము, చెవి నుంచి దుర్వాసన, జుట్టు ఊడటం కనిపిస్తే ఇంటి ప్రయోగాలు ఆపాలి. ముఖం వాచి శ్వాస ఇబ్బంది అయితే అది అత్యవసర పరిస్థితి. మనుషుల మాత్రలు సొంతంగా వేయరాదు. జలుబు మందు కలిసిన అలర్జీ మాత్రలు, నొప్పి మాత్రలు కుక్కలకు ప్రమాదకరం. దురదను త్వరగా అణచే స్టెరాయిడ్లు, ఓక్లాసిటినిబ్ వంటి మందులు ఉన్నాయి, అవి వైద్య పర్యవేక్షణలోనే వాడాలి. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఎక్కిస్తూ శరీరాన్ని అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఫలితానికి నెలలు పడుతుంది.

క్యాలెండర్‌లోని తేదీలకు మరో ప్రయోజనమూ ఉంది. ఏటా ఫిబ్రవరిలో దురద మొదలయ్యే కుక్కకు చేప నూనె ఇవ్వాలనుకుంటే, వైద్యుడిని సంప్రదించి డిసెంబరులోనే ప్రారంభించాల్సి ఉంటుంది.