కోటయ్య ఊళ్లో రాత్రి బస

శివరాత్రి పొద్దుగూకేసరికి పల్నాడులోని కోటప్పకొండ చుట్టూ వెలుగు నిలువునా లేస్తుంది. కావూరు, మద్దిరాల, పురుషోత్తమపట్నం, యడవల్లి... ఏ ఊరి ప్రభ ఆ ఊరి పరువు. ఎనభై తొంభై అడుగుల ఎత్తున కట్టి, ఒళ్లంతా కరెంటు బల్బులు పొదిగి, జనరేటర్‌ను వెంటబెట్టుకుని తరలివస్తారు. లక్షల మంది జనం. 'చేదుకో కోటయ్యా' అన్న కేక కొండెక్కుతుంది. తెల్లారేసరికి ఆ జనమంతా నరసరావుపేట బస్సో, చిలకలూరిపేట హైవేనో పట్టుకుంటారు.

మిగతా రోజుల్లోనూ అంతే. అప్పటి నరసరావుపేట ఎమ్మెల్యే కోడెల శివప్రసాదరావు చొరవతో ఘాట్ రోడ్డు పడ్డాక కారు గుడిదాకా పోతోంది. దర్శనం చేసుకుని, అరిసె ప్రసాదం కట్టించుకుని, గంటలో దిగి వెళ్లిపోవచ్చు. ముసలివాళ్లకు అదెంత మేలో చెప్పక్కర్లేదు. కానీ గంటలో వెళ్లిపోయే యాత్రికుడు కొండ కింద ఖర్చుపెట్టేది కొబ్బరికాయకూ టీకే. అదే మనిషి రాత్రి ఉంటే గది అద్దె, రెండు పూటల భోజనం, పొద్దున టిఫిన్, పాలు, పెరుగు, ఆటో కిరాయి అన్నీ ఊళ్లోనే దిగుతాయి. ఊరికి ఆదాయం పెరగాలంటే వచ్చేవాళ్ల సంఖ్య కంటే ఉండిపోయేవాళ్ల సంఖ్య ముఖ్యం.

ఉండటానికి అసలేమీ లేదని కాదు. దేవస్థానం గదులున్నాయి, కులాల వారీగా కట్టుకున్న సత్రాలున్నాయి. సత్రం మహా పుణ్యకార్యం. అన్నం పెట్టి పడుకోబెట్టే ఆ సంప్రదాయాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే ఆ గదుల రాబడి కొండ కింది కొండకావూరు, యల్లమంద ఇళ్లలోకి రాదు. రావాలంటే ఆ ఇళ్లలోనే గదులుండాలి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా నమోదు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలన్నది షరతు. 2025-26 కేంద్ర బడ్జెట్ హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించింది. కొండ మీద పెద్ద రిసార్టు వద్దు. ఊళ్లో పెచ్చులూడిన పెంకుటింటికి ఒక మంచి గది, శుభ్రమైన బాత్రూమ్ చాలు.

దీనికి ఇక్కడి వ్యవసాయం పెట్టే చిక్కు ఒకటుంది. శివరాత్రి వచ్చేది మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో. ఆడవాళ్లు తెల్లవారుజామునే చేలోకి పోతారు, కళ్లాల్లో కాయ ఎండుతుంటుంది. అతిథికి వండిపెట్టేదెవరు? అందుకే తిరునాళ్ల ఒక్క రాత్రి మీద ఆశ పెట్టుకోవడం తప్పు. ఆ రాత్రి ఎవరికీ మంచం అక్కర్లేదు, జాగరణే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చలి రోజులే అసలు సీజన్. ఎండాకాలం మాత్రం మూసేయడమే మేలు. ఇదే పల్నాడులోని రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు.

తిరునాళ్లకు ముందు ప్రభ కట్టే రోజులను మాత్రం వదులుకోకూడదు. వెదుళ్లు నిలబెట్టడం, చట్రం బిగించడం, రంగుల గుడ్డలు చుట్టడం, బల్బుల తీగలు లాగడం... ఊరి కుర్రాళ్లు పెద్దల మాట వింటూ చేసే ఈ పనిని కళ్లారా చూడాలని నగరాల్లో స్థిరపడిన పల్నాడు పిల్లలకు ఉంటుంది. ఒకరికో ఇద్దరికో వంట చేయడం ఆ వారాల్లోనూ పెద్ద భారం కాదు, వంతులు వేసుకుంటే.

రెండో రోజు ఏం చూస్తారని అడిగేవాళ్లుంటారు. ఇప్పుడున్న గుడి బ్రహ్మశిఖరం మీదిది. రుద్రశిఖరం మీద పాత కోటయ్య, విష్ణుశిఖరం మీద పాపవినాశనం ఉన్నాయి. రోజూ కొండెక్కి సేవచేసిన గొల్లభామ ఆనందవల్లి కథ ఊరివాళ్ల నోట వినాలి. నకరికల్లు మండలం చేజర్లలో ఏనుగు వీపు ఆకారపు కపోతేశ్వరాలయం ఉంది, ఒకప్పటి బౌద్ధ చైత్యం. కొండవీడు కోట ఉంది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఇవన్నీ పల్నాడు జిల్లాలోవే, 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైంది. ఈ చోట్లన్నిటికీ కలిపి ఒక బస్సు నడపడం జిల్లా యంత్రాంగం చేయగలిగిన పనే.

పేరొస్తే రాత్రి బస దానంతటదే రాదు. తెలంగాణలో చేనేత ఊరు భూదాన్ పోచంపల్లిని 2021లో ఐరాస పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పేరు ప్రపంచమంతా వెళ్లింది. అయినా హైదరాబాద్ దగ్గరే కావడంతో పొద్దున వచ్చి, మగ్గం చూసి, చీర కొని సాయంత్రానికి వెళ్లిపోవడం తేలిక. చీర అమ్ముడుపోతే నేతకారుడికి లాభమే. కోటప్పకొండకు అమ్ముకోవడానికి అలాంటి సరుకు లేదు. ఇక్కడి సరుకు ఆతిథ్యమే, అందుకే రాత్రి బస లేకుండా లెక్క కుదరదు.

హోమ్‌స్టే నమోదు ఇంటి ఆడమనిషి పేరు మీద ఉండాలి, వంట సరుకులు డ్వాక్రా మహిళా సంఘాల దగ్గరే కొనాలి. అతిథులు ఏ ఇంటికి వెళ్లాలో వంతు ప్రకారం సంఘమే చెప్పాలి, లేకపోతే డబ్బున్న రెండిళ్లకే గిరాకీ పోతుంది. దేవస్థానం తన గదులు నిండినప్పుడు భక్తుల్ని ఈ ఇళ్లకు పంపితే చాలు, ప్రచారానికి వేరే ఖర్చు అక్కర్లేదు. వచ్చే కార్తీకానికి పది ఇళ్లతో మొదలుపెట్టండి. కోటప్పకొండకు బయల్దేరే పాఠకులు కూడా ఆ రోజు తిరుగు టికెట్ తీసుకోకుండా వెళ్లండి, ఊళ్లో గది ఉందా అని అడగండి.