నీళ్ళు వచ్చినా నిలిచే ఇల్లు



ఇల్లు కట్టిస్తున్నామంటే వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలి, దేవుడి మందిరం ఏ మూలన రావాలి, అలమరలు ఎన్ని పెట్టాలి అని మేస్త్రీతో గంటలకొద్దీ వాదిస్తాం. పునాది దగ్గరకొచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళు చూసుకుంటార్లే" అని ఊరుకుంటాం. ఈ పూట ఆ పునాది గురించే నాలుగు మాటలు చెబుతాను. ఇంట్లోకి నీళ్ళొచ్చిన నాడు బియ్యం డబ్బా పైకెత్తేదీ, నీళ్ళు తీసిన తర్వాత పదిరోజులు బురద కడిగేదీ మనమే కదండీ!

గుంటూరు ఊళ్ళో ఉన్నవాళ్ళం, కృష్ణమ్మ మనకెక్కడి దూరం అంటారేమో. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేలకు చేరింది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు రావడం అదే మొదలు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకల్లో మనకందరికీ బంధువులున్నారు. 2022లో ఆ ప్రాంతం బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గాని, చుట్టరికాలు ఎక్కడికి పోతాయి?

మా మేనత్తగారిదీ ఆ వైపు లంక గ్రామమే. వాళ్ళ పాత ఇంటికి ఏడు మెట్లు. అరుగు మగవాడి రొమ్ముదాకా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులొచ్చి అత్తయ్య మెట్లెక్కలేకపోతోందని, కొడుకు పక్కనే కొత్త పద్ధతిలో డాబా కట్టించాడు. రెండే మెట్లు, నేలంతా నున్నటి పలకలు, చూడముచ్చటగా ఉండేది. 2009 వరదకు ఆ కొత్త ఇంట్లో కిటికీల దాకా నీళ్ళు. పాత ఇంట్లో అయిదో మెట్టు దగ్గర ఆగాయి. పిల్లా జెల్లా అంతా ఆ పాత అరుగుమీదే ఐదు రాత్రులు గడిపారు. "మెట్లెక్కలేనని గొడవ చేసింది నేనే అమ్మాయ్, వాడి తప్పేం లేదు" అని అత్తయ్య ఇప్పటికీ నొచ్చుకుంటుంది. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించి, మెట్లు పొట్టిగా, ఎక్కువగా కట్టించి ఉంటే ఆవిడ మోకాళ్ళూ నిలిచేవి, ఇల్లూ నిలిచేది. ఎత్తు తగ్గించడమొక్కటే మార్గం కాదు.

నీళ్ళను బయటే ఆపేస్తే సరిపోదా అని అడగవచ్చు. గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు వేస్తాం కూడా. అడుగు, అడుగున్నర నీటికి అది బాగానే పనిచేస్తుంది. అంతకు మించితే చిక్కు. గోడ బయట మీటరు లోతు నీళ్ళు నిలిస్తే, ప్రతి మీటరు పొడుగు గోడను అవి సుమారు 500 కిలోల బలంతో తోస్తాయి. లోతు రెండు మీటర్లయితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. లోపల ఖాళీ, బయట నీరు అయినప్పుడు ఇటుక గోడ లోపలికి కూలుతుంది. అందుకే లోతుగా మునిగే చోట్ల గోడ అడుగున తూములు వదిలి నీటిని లోపలికి రానివ్వమంటారు. రెండు వైపులా నీరు సమానమైతే గోడ నిలుస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, తలుపులు బిగించుకున్న ఇంటికన్నా అదే నయం. మనుషులూ సామానూ మాత్రం పైన ఉండాలి.

సెప్టిక్ ట్యాంకు, సంపు సంగతీ ఇంతే. ఖాళీ గిన్నెను నీళ్ళలోకి నొక్కితే పైకి తంతుంది చూడండి, నేలంతా నీటితో నానినప్పుడు ఖాళీ ట్యాంకు కూడా అలాగే పైకి లేస్తుంది. వరద వస్తుందని తెలిస్తే సంపును మంచినీళ్ళతో నింపి మూత బిగించండి. తాగడానికీ పనికొస్తాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన పేరు చెబితే దివిసీమ, నిజాంపట్నం వైపు పెద్దవాళ్ళకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున ఊళ్ళమీదికొచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేలమంది పోయారు. మట్టి గోడల గుడిసెలు ఆనవాలు లేకుండా పోయాయి. ఆ తర్వాతే తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. వీటిలో చాలావాటికి కింద గోడలుండవు, స్తంభాలే. నీరు వచ్చిన దారినే కింద నుంచి పోతుంది, మనుషులు పై అంతస్తులో ఉంటారు. 1990 మేలో మళ్ళీ కృష్ణా ముఖం దగ్గరే పెద్ద తుపాను తాకింది. ఈసారి ముందుగా లక్షలాది మందిని తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. ఒక్క కుటుంబానికైనా అది చిన్న సంఖ్య కాదు, అయినా తేడా చూడండి.

ఆడవాళ్ళ అవసరం తెలిసి కట్టినదొకటి చెబుతాను. పాకిస్థాన్ తొలి మహిళా ఆర్కిటెక్టు యాస్మిన్ లారీ, 2010 వరదల తర్వాత సింధు ప్రాంతంలో వెదురు, సున్నం, మట్టితో ఇళ్ళు కట్టించారు. స్త్రీలు చేరడానికి వెదురు కాళ్ళమీద ఎత్తుగా ఒక శాల కట్టారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆవిడ పొయ్యి. నేలమీది పొయ్యి మొదటి వానకే కరిగిపోతుందని, ఎత్తైన మట్టి గట్టుమీద పొగరాని పొయ్యి వేయించారు. ఇల్లాళ్ళు తమ చేతులతోనే కట్టుకుంటారు. 2018లో దానికి ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది.

నెదర్లాండ్సులో మాస్‌బొమ్మెల్ అనే చోట ఇళ్ళే పడవల్లా తేలతాయి. డొల్ల కాంక్రీటు పునాది, కదిలిపోకుండా పక్కన ఇనుప స్తంభాలు, సాగే గొట్టాలు. నీరు పెరిగితే ఇల్లు పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ముచ్చటగానే ఉంది గాని, కృష్ణ వరద ఉరవడికి నేనైతే అలాంటి ఇంట్లో నిద్రపోలేను. మెల్లగా పెరిగే నీటికే అది తగినది.

ఇక మన నల్లరేగడి. ప్రత్తికీ మిరపకీ బంగారమే గాని ఇంటికి పరీక్ష. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలు విడుస్తుంది. ఏడాదికోసారి గోడల్లో పగుళ్ళు తెరుచుకోవడం దానివల్లే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీనికో ఉపాయం చెప్పింది. నేల కదలని లోతుకు, అంటే సుమారు 11, 12 అడుగులకు, సన్నని గొయ్యి తీసి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన దూలానికీ నేలకీ మధ్య మూడంగుళాల ఖాళీ వదులుతారు. నేల ఉబ్బినా ఇంటిని ఎత్తదు. మీ మేస్త్రీ ఆ ఖాళీని మట్టితో పూడ్చబోతే ఒప్పుకోకండి.

ఊళ్ళో ఇళ్ళవారు ఇంకో సంగతి గమనించాలి. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తూ పోతే, ఒకప్పుడు రెండు మెట్లెక్కిన మనం ఇప్పుడు ఒక మెట్టు దిగి ఇంట్లోకి వెళుతున్నాం. ఇల్లు కట్టేముందు రోడ్డు ఇంకా పెరుగుతుందనే లెక్క వేసుకోండి. కరెంటు మీటరు, స్విచ్చులు, ఫ్రిజ్ ప్లగ్గు నడుం ఎత్తుకు పైనే ఉండాలి. కింది అలమర తలుపులకు ప్లైవుడ్ వద్దు, నాని విచ్చిపోతుంది. సెల్లారులో నీరు నిలిస్తే బయటి నేల ఇంకా తడిగా ఉండగా మోటారు పెట్టి ఒక్కసారిగా తోడేయకండి, గోడలు లోపలికొస్తాయి. రోజుకు కొంచెం చొప్పున తోడించండి. ఎలక్ట్రీషియన్ చూసి చెప్పేదాకా మెయిన్ స్విచ్ వేయకండి. గోడలు బాగా ఆరేదాకా సున్నం, రంగు జోలికి వెళ్ళకండి. పండుగ దగ్గర పడిందని తొందరపడితే నెల తిరక్కుండా పొరలు పొరలుగా ఊడి వస్తుంది.