ప్రొఫెసర్ వెనక పద్దెనిమిదేళ్లు

'మనీ హైస్ట్' చూసినవాళ్లకి ప్రొఫెసర్‌ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. కళ్లజోడు పైకి నెట్టుకుంటూ మాడ్రిడ్ పోలీసుల్ని ముప్పుతిప్పలు పెట్టిన మనిషి. ఆ పాత్ర చేసిన అల్వారో మోర్తె గురించి చదువుతుంటే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. అతనూ ఇంజినీరింగ్‌లో చేరినవాడే! టెలికమ్యూనికేషన్స్ చదువుతూ మధ్యలో వదిలేశాడు.

'ఇంజినీరింగ్ మానేసి స్టార్ అయ్యాడు' అని స్టేటస్ పెట్టేసుకోవచ్చు. కానీ కథ అంత స్పీడుగా నడవలేదు.

మోర్తె 1975లో స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న అల్హెసీరాస్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. ఇంజినీరింగ్ వదిలాక కోర్దోబాలోని నాటక కళాశాలలో చేరి, 1999లో చదువు పూర్తి చేశాడు. తర్వాత ఏళ్ల తరబడి నాటకాలు, టీవీ సీరియళ్లు. స్పెయిన్ దాటితే అతని పేరు తెలిసినవాళ్లు తక్కువే.

ముప్పై దాటాక ఇంకో దెబ్బ. ఎడమ కాలిలో క్యాన్సర్ కణితి బయటపడింది. చచ్చిపోతానేమో, కాలు తీసేస్తారేమో అని భయపడ్డానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. చికిత్సతో కోలుకున్నాడు. 2012లో భార్యతో కలిసి '300 పిస్తోలాస్' అనే నాటక సంస్థ పెట్టాడు. లోపె దె వేగా లాంటి నాలుగు శతాబ్దాల కిందటి రచయితల నాటకాల్ని ఈ కాలం ప్రేక్షకులకు అర్థమయ్యేలా వేయడం వాళ్ల పని. కాసులు కురిసే వ్యాపారమైతే కాదు. 2014 నుంచి ఒక డైలీ సీరియల్‌లో డాక్టర్ వేషం కూడా వేశాడు.

ప్రొఫెసర్ పాత్రకి మేకర్స్ మొదట అనుకున్నది యాభై ఏళ్ల మనిషిని. మోర్తెకి అప్పటికి నలభై దాటాయంతే. దాదాపు రెండు నెలలు ఆడిషన్లు చేసి ఆ పాత్ర దక్కించుకున్నాడు.

2017 మే నెలలో స్పెయిన్ ఛానెల్ ఆంతెనా 3లో సిరీస్ మొదలైంది. తొలి ఎపిసోడ్‌ని 40 లక్షల మందికి పైగా చూశారు. చివరికొచ్చేసరికి అందులో సగం మంది కూడా మిగల్లేదు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు. తర్వాత నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసుకుని, 15 ఎపిసోడ్లను 22 చిన్న ఎపిసోడ్లుగా కత్తిరించి ప్రపంచం ముందు పెట్టింది. 2018లో ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది. కాలేజీ నుంచి బయటికొచ్చిన పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకి మోర్తె 'రాత్రికి రాత్రే' స్టార్ అయ్యాడు!

ఆ ఏళ్లు ఊరికే పోలేదు. సిరీస్‌లో ప్రొఫెసర్ కూడా ఒక నటుడే కదా. పోలీస్ ఆఫీసర్ రకేల్ ముందు సాల్వా అనే వ్యాపారిగా నటిస్తూ, లోపల భయాన్ని దాచుకోవాలి. తెలుగు డబ్బింగ్‌లో చూస్తే గొంతు మోర్తెది కాదు. అయినా ఆ కళ్లు, ఆ చేతుల తడబాటు చూసి మనకి టెన్షన్ పుడుతుంది. అదంతా స్టేజీ మీద నేర్చుకున్న పనితనమే అనిపిస్తుంది నాకు.

ఇది చదివి రిజిగ్నేషన్ మెయిల్ టైప్ చేయమని చెప్పట్లేదు. సోమవారం పొద్దున్నే నేనూ లాగిన్ అవ్వాలి. కాకపోతే మా ఆఫీస్‌లో ఎవరైనా 'ఉద్యోగం మానేసి నచ్చింది చేస్తా' అంటే ఇప్పుడు ఒకటే అడుగుతున్నా: ఎవరూ పట్టించుకోకపోయినా పద్దెనిమిదేళ్లు చేస్తావా? వెంటనే 'చేస్తా' అన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరే. ఆ అమ్మాయి ఇప్పటికే ప్రతి వీకెండూ రిహార్సల్‌కి వెళ్తోంది.