వాచీ కేసు సంగతి

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన తన వాచీ ఇచ్చి హాస్టలుకు పంపినాడు. బజారులో సెల్లు మార్పించినాను. మరుసటి దినం తొట్టి దగ్గర స్నానం చేస్తే అద్దం లోపల ఆవిరి పట్టింది. సరిగ్గా పరీక్షల ముందర ఆగిపోయింది. మిషను మంచిదే. వెనక మూత కింద ఉండాల్సిన సన్నని రబ్బరు రింగు తిరిగి పెట్టలేదంతే!

కేసు అంటే ఉత్త డబ్బా కాదు. స్టీలు ముక్కను అచ్చులో నొక్కి ఆకారం తెస్తారు. తరువాత చెక్కి, కీ కోసం పక్కన రంధ్రం తొలిచి, మెరుగు పెడతారు. నీళ్లు దూరేది అద్దం అంచున, కీ దగ్గర, వెనక మూత దగ్గర. అందుకే ఆ మూడు చోట్లా బిగింపు ఉండాలి.

మన కుప్పానికి ఆవల, తెలుగువాళ్లు చాలామంది ఉండే హోసూరులో టైటాన్ ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ 2002లో తెచ్చిన 'ఎడ్జ్' వాచీ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లే! అందులో మిషను 1.15. మిగిలిన కాస్త చోటులోనే అద్దం, ముల్లులు, మూత అన్నీ ఇమడాలి. అయినా 30 మీటర్ల నీటి ఒత్తిడికి తట్టుకునేలా చేసినారు.

30 మీటర్లని రాసి ఉంటే బావిలో ఈత కొట్టవచ్చని కాదు సుమా! చేతులు కడిగేటప్పుడు పడే తుంపరలకు మాత్రమే. రబ్బరు ఏండ్లు గడిస్తే గట్టిపడుతుంది కాబట్టి, సెల్లు మార్చేటప్పుడు రింగు కూడా చూడమని అంగడాయనతో ముందే చెప్పండి.